సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ మీద బైబిలు అధ్యయనం: ఏ యాప్ పనికొస్తుంది, తెలుగులో వెతకడం ఎలా?

రామప్ప దారి (ప్రశ్న)

పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనములు. మాది ములుగు జిల్లాలో అడవి అంచున ఉన్న చిన్న సంఘం. ఆదివారం సండే స్కూలు, బుధవారం రాత్రి ఇళ్లలో జరిగే బైబిలు పాఠం నా బాధ్యత. పగలంతా పొలం పని ఉంటుంది కాబట్టి, పాఠం సిద్ధం చేసుకోవడానికి గట్టు మీద కూర్చున్న అరగంటో, బస్సులో గడిచే గంటో తప్ప నాకు వేరే సమయం దొరకదు. పుస్తకాల సంచి మోసుకు తిరగలేను గనుక ఫోన్ మీదనే ఆధారపడుతున్నాను. అయితే మా గూడెంలో సిగ్నల్ కావాలంటే చెరువుకట్ట ఎక్కాలి, వాన పడిన రోజున అక్కడ కూడా రాదు.

ఇంతవరకు ఒక ఉచిత తెలుగు బైబిలు యాప్ వాడాను. విలాపవాక్యములు చదువుతుండగా మధ్యలో పేకాట ప్రకటన వచ్చిన నాడు దానిని తీసివేశాను. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. పోయిన ఏడాది ఫోన్ పాడైతే హనుమకొండలో ఒక దుకాణంలో బాగుచేయించాను, వారు మొత్తం తుడిచిపెట్టి ఇచ్చారు, దానితో రెండేళ్లుగా వ్రాసుకున్న పాఠాల నోట్సు పోయింది.

నాకు కావలసినది ఇది: తెలుగు వచనం పక్కనే మూలభాషలోని పదం ఏమిటో తెలియాలి, సంబంధిత వచనాలు చూపాలి, ఇవన్నీ ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి. నా ఇంగ్లీషు పదవ తరగతి వరకే.

మరొక సందేహం. పోయిన వారం పిల్లలకు తల్లిదండ్రుల గురించి పాఠం చెప్పడానికి 'తండ్రి' అని వెతికాను. ఎఫెసీయులకు 6వ అధ్యాయంలో రెండవ వచనం కనబడింది గానీ మొదటి వచనం రాలేదు. 'తల్లి' అని వెతికినా అదే జరిగింది. ఆ వచనం నాకు కంఠస్థం గనుక గుర్తించాను, లేకపోతే అది బైబిలులో లేదనే అనుకునేవాడిని. ఇది యాప్‌లోని లోపమా, నేను వెతికిన తీరులో లోపమా?

సుబేదారి టీచరమ్మ

వందనములు బ్రదర్ గారూ. నేను పాఠశాలలో కంప్యూటరు పాఠాలు చెబుతాను, మా సంఘంలో స్త్రీల బైబిలు తరగతి కూడా చూస్తాను. మీ రెండవ సందేహమే అసలైన ప్రశ్న అని నా అభిప్రాయం. అయినా మొదటిది త్వరగా ముగిస్తాను.

అందరి ఫోన్లలో కనిపించే యూవెర్షన్ యాప్ 2008 జూలైలో, ఆపిల్ సంస్థ యాప్ స్టోర్ తెరిచిన రోజులలోనే వచ్చింది. చదవడానికి, వినడానికి, రోజువారీ పఠన ప్రణాళికకు అది బాగుంటుంది. మన సంఘాలలో ఎప్పటినుండో చదువుతున్న తెలుగు పాత అనువాదం కూడా అందులో ఉంది. అయితే ఏ అనువాదాన్ని ఫోన్‌లోకి దించుకోవచ్చుననేది ఆ అనువాద హక్కుదారుల అనుమతిని బట్టి ఉంటుంది, పైగా మూలభాషా పదాల అధ్యయనానికి దానిని తయారు చేయలేదు. మీ అవసరానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'అండ్‌బైబిల్' సరిపోతుంది. అది స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మిస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్, దానిలో ప్రకటనలు లేవు, ఖాతా తెరవనక్కరలేదు. క్రాస్‌వైర్ బైబిల్ సొసైటీ వారి 'స్వోర్డ్' ప్రాజెక్టు మాడ్యూళ్లను అది చదువుతుంది. మాడ్యూల్ అంటే ఒక్కొక్క అనువాదం, ఒక్కొక్క నిఘంటువు, ఒక్కొక్క వ్యాఖ్యానం విడివిడి పొట్లాలుగా ఉండడం. మీకు కావలసిన పొట్లాలనే దించుకుంటారు, ఒకసారి దించుకున్న తరువాత సిగ్నల్‌తో పనిలేదు. మైస్వోర్డ్ అనే మరొక ఆండ్రాయిడ్ యాప్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది, దాని మాడ్యూళ్లను అండ్‌బైబిల్ కూడా తెరవగలదు.

మీరు దించుకోవలసినవి ఇవి: తెలుగు వచనానికి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, స్ట్రాంగ్స్ సంఖ్యలు (ఒక్కొక్క హెబ్రీ, గ్రీకు పదానికి ఇచ్చిన వరుస సంఖ్యలు) ఉన్న కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదం, స్ట్రాంగ్స్ హెబ్రీ, గ్రీకు నిఘంటువులు, సంబంధిత వచనాల కోసం 'ట్రెజరీ ఆఫ్ స్క్రిప్చర్ నాలెడ్జ్'. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు పాఠం 2019లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వచ్చింది. మూలాన్ని పేర్కొని, అదే షరతుకు లోబడి ఎవరైనా పంచుకోవచ్చు గనుక అది ఇటువంటి యాప్‌లలోకి సులభంగా చేరింది. హనుమకొండకు వచ్చినప్పుడు వైఫై ఉన్న చోట ఒక గంట కూర్చుంటే ఇవన్నీ దిగిపోతాయి. సాధారణంగా వాడే యూనికోడ్ రూపంలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడుతుంది, అయినా బైబిలు మొత్తం ఒక చిన్న వీడియో కంటే ఎక్కువ స్థలం తీసుకోదు. స్థలం తినేది ఆడియో మాత్రమే.

దించుకున్న తరువాత తెరను రెండు కిటికీలుగా చేసి, పైన తెలుగు, కింద సంఖ్యలున్న ఇంగ్లీషు పెట్టుకోండి. రెండూ కలిసి కదులుతాయి. ఇంగ్లీషు పదం పక్కన ఉన్న సంఖ్యను తాకితే గ్రీకు లేదా హెబ్రీ పదం, దాని ఉచ్చారణ, క్లుప్తమైన అర్థం వస్తాయి. అర్థం ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ అవి రెండు మూడు పదాల వివరణలు గనుక పదవ తరగతి ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు.

ఇక వెతకడం సంగతి. లోపం యాప్‌లోనూ లేదు, మీలోనూ లేదు. తెలుగు సంధుల వలన అలా జరుగుతుంది. ఎఫెసీయులకు 6:1లో పాత అనువాదం 'తలిదండ్రులకు' అంటుంది. 'తల్లి' అక్కడ 'తలి' అయింది, 'తండ్రి'లోని తకారం దకారమైంది. మనం బడిలో చదువుకున్న గసడదవాదేశమే ఇది. చెవికి రెండు పదాలూ వినబడుతున్నా, యంత్రం అక్షరాలను పోలుస్తుందే తప్ప వ్యాకరణం చదువుకోలేదు. ఆదికాండము 1:1లో 'ఆకాశము' అని వెతికినా ఇదే గతి పడుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది 'భూమ్యాకాశములను'. విడిగా వ్రాసే 'ఆ' అక్షరానికి ఒక సంకేతం, హల్లుకు అంటుకున్న దీర్ఘానికి వేరొక సంకేతం ఉంటాయి గనుక కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు వస్తువులు. 136వ కీర్తనలో 26 వచనాలలోనూ 'నిరంతరముండును' అనే మాట ఉంది, కానీ 'ఉండును' అని వెతికితే వాటిలో ఒక్కటీ దొరకదు. యడాగమం మరొక చిక్కు తెస్తుంది. ఒకచోట 'ఎరుగుదువు' అనీ ఇంకొకచోట 'యెరుగుదువు' అనీ ఉంటుంది.

కాబట్టి పదం మొదటి అచ్చును వదిలేసి, సంధిలో మారని నడిమి ముక్కను పట్టుకుని వెతకాలి. ఆకాశమునకు 'కాశము', ఎరుగుటకు 'రుగుదు', తల్లిదండ్రులకు 'దండ్రు'. అయితే ఇది అన్ని యాప్‌లలోనూ పనిచేయదు. కొన్ని యాప్‌లు పదాల సూచిక తయారు చేసుకుని పూర్తి పదాన్నే పోలుస్తాయి. అండ్‌బైబిల్ కూడా మొదటిసారి వెతికేటప్పుడు అటువంటి సూచికను తయారు చేసుకోమంటుంది. అటువంటి వాటిలో పదం చివర నక్షత్ర గుర్తు పెట్టి, 'తలిదండ్రు*' అని వెతికితే విభక్తులన్నీ దొరుకుతాయి. మరికొన్ని యాప్‌లు అక్షరాల వరుస పదం నడుమ ఉన్నా పట్టుకుంటాయి. మీ ఫోన్‌లోని యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పాత అనువాదం తెరిచి 'కాశము' అని వెతకండి. ఆదికాండము మొదటి వచనం వస్తే రెండవ రకం, రాకపోతే మొదటి రకం.

మానేరు గట్టు

టీచరమ్మ గారు సంధుల గురించి చెప్పినది చదివి, నలభై ఏళ్ల కిందట మా తెలుగు పంతులుగారు వేసిన మొట్టికాయలకు ఇంత కాలానికి ప్రయోజనం కనిపించిందని నవ్వుకున్నాను. నేను కరీంనగర్‌లో పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. నోట్సు పోయిన బాధ గురించి మాత్రమే వ్రాస్తాను, ఎందుకంటే అది నేనూ పడ్డాను.

2003 ప్రాంతంలో గల్ఫ్‌లో పనిచేస్తున్న మా తమ్ముడు సెలవు మీద వస్తూ ఒక పాత పామ్ పరికరం తెచ్చి ఇచ్చాడు. అరచేతిలో ఇమిడేది, పుల్లతో గీస్తే అక్షరాలు పడేవి, మొత్తం జ్ఞాపకశక్తి 8 మెగాబైట్లు. అందులో కింగ్ జేమ్స్ బైబిలు పట్టిందంటే మా సంఘంలో ఎవరూ నమ్మలేదు. ఆ కాలంలో ఆలివ్ ట్రీ, లారిడియన్ వంటి సంస్థలు అటువంటి పరికరాల కోసమే బైబిలు సాఫ్ట్‌వేర్ తయారు చేసేవి, అవి నేటికీ ఫోన్ల కోసం ఆ పని చేస్తూనే ఉన్నాయి. తెలుగు మాత్రం దానిలో కనబడేది కాదు. అందువలన ఇంగ్లీషు వచనం పక్కన నా వ్యాఖ్యలను తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలలో పుల్లతో గీసుకునేవాడిని. రోమా పత్రిక మీద దాదాపు ఏడాది పాటు అలా వ్రాశాను. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ఒక వేసవిలో అంతా తుడిచిపెట్టుకుపోయింది. కంప్యూటరులోకి ఎక్కించిన ఒక పాత నకలు మిగిలింది గానీ, అది ఆ పరికరానికే చెందిన రూపంలో ఉండడం వలన దానిని తెరిచే దారి తరువాత దొరకలేదు.

అందుచేత యాప్‌లోని నోట్సు పుటను నేను చిత్తుకాగితంలాగానే వాడతాను. పాఠం చెప్పడం ముగిసిన రాత్రి, నిలుపుకోదగిన భాగాన్ని నకలు తీసి సాదా టెక్స్ట్ ఫైలులో అతికిస్తాను. ఒక్కొక్క బైబిలు గ్రంథానికి ఒక్కొక్క ఫైలు, ప్రతి వ్యాఖ్యకు ముందు అధ్యాయం, వచనం సంఖ్యలు. ఆ ఫైళ్లను నెలకొకసారి మా అమ్మాయి ఫోన్‌కు కూడా పంపుతాను. అండ్‌బైబిల్‌లో బ్యాకప్ తీసే సదుపాయం ఉంది, తప్పక వాడండి. కానీ ఆ బ్యాకప్‌ను తెరవడానికి మళ్లీ ఆ యాప్ ఉండాలి కదా. సాదా టెక్స్ట్ అయితే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. దుకాణానికి ఫోన్ ఇచ్చే ముందు మెమరీ కార్డు తీసి జేబులో పెట్టుకోవడం కూడా మరువకండి తమ్ముడూ.

రామప్ప దారి

టీచరమ్మ గారికి, పెద్దన్న గారికి కృతజ్ఞతలు. నిన్న సంతకు హనుమకొండ వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో కూర్చుని అన్నీ దించుకున్నాను. తిరుగు ప్రయాణంలో సిగ్నల్ పూర్తిగా పోయిన తరువాత కూడా రెండు కిటికీలూ కలిసి కదలడం చూసి సంతోషం కలిగింది. పాత యాప్‌ను మళ్లీ ఎక్కించి 'కాశము' పరీక్ష చేశాను, మొదటి వచనం వచ్చింది. 'దండ్రు' అని వెతికితే ఎఫెసీయులకు 6:1 కూడా దొరికింది. అంటే వెతకడానికి ఆ ప్రకటనల యాప్‌ను, చదవడానికి కొత్తదానిని ఉంచుకోవలసి వస్తుందేమో.

బస్సులోనే యోహాను సువార్త 21వ అధ్యాయం తెరిచాను. ప్రభువు పేతురును మూడుసార్లు అడిగిన ప్రశ్న తెలుగులో ప్రతిసారీ 'ప్రేమించుచున్నావా' అనే ఉంది. కింద సంఖ్యలు చూస్తే మొదటి రెండు సార్లు 25, మూడవసారి 5368. పేతురు మూడు జవాబులలోనూ 5368. ఆ రెండూ ప్రేమకు వేర్వేరు గ్రీకు పదాలు. అంటే ప్రభువు దైవిక ప్రేమను గురించి అడుగుతుంటే పేతురు స్నేహాన్ని మాత్రమే ఒప్పుకున్నాడని, చివరికి ప్రభువే అతని స్థాయికి దిగివచ్చాడని బుధవారం చెప్పవచ్చునా? ఇన్నాళ్లూ ఇది తెలియకుండా ఎలా చదివానా అని ఆశ్చర్యపోయాను.

డోర్నకల్ విద్యార్థి

అన్నగారూ, మీ ఆశ్చర్యం నాకు అర్థమైంది. వేదాంత విద్య మొదటి సంవత్సరంలో నేనూ అదే ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్లాను. మా గ్రీకు అధ్యాపకులు ఒక్కమాట కూడా కాదనకుండా, అదే సువార్తలో మరి రెండు వచనాలు తెరవమన్నారు. మీరూ తెరవండి. యోహాను 3:35, 5:20. రెండింటిలోనూ తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడనే చెప్పబడింది. మొదటిదానిలో 25వ సంఖ్య పదం 'అగపావో', రెండవదానిలో 5368వ సంఖ్య పదం 'ఫిలేయో'. తండ్రి ప్రేమ 3వ అధ్యాయంలో దైవికమై 5వ అధ్యాయంలో స్నేహానికి తగ్గిందని ఎవరమూ చెప్పము. ఆ తరువాత 2 తిమోతి 4:10 చూడండి. దేమా ఇహలోకమును ప్రేమించి పౌలును విడిచిపోయాడనే చోట వాడిన గ్రీకు క్రియ అగపావోయే. మన పాత అనువాదకులు అక్కడ 'స్నేహించి' అని వ్రాశారు. గ్రీకు వచ్చిన ఆ అనువాదకులు అగపావోకు 'స్నేహించి' అనడానికి వెనుకాడలేదంటే, ఆ రెండు క్రియల మధ్య మనం గీస్తున్న గోడ వారికి కనబడలేదన్నమాట. యోహాను ఒకే భావానికి రెండు మాటలు మార్చి మార్చి వాడడం అలవాటుగా కలవాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఆ మార్పులో అర్థభేదం ఉందనే వారూ ఉన్నారు. కాబట్టి బుధవారం చెప్పదలిస్తే రెండు పక్షాలూ ఉన్నాయని చెప్పండి. మూడవసారి అడిగినందుకు పేతురు వ్యసనపడ్డాడని, అంటే దుఃఖపడ్డాడని, వచనమే చెబుతోంది గదా, పాఠానికి అది చాలు.

స్ట్రాంగ్స్ సంఖ్యలు ఒక పదసూచికతో పుట్టినవి. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో కింగ్ జేమ్స్ బైబిలుకు పదసూచిక ప్రచురిస్తూ, హెబ్రీ పదాలకు 8674 వరకు, గ్రీకు పదాలకు 5624 వరకు వరుస సంఖ్యలు ఇచ్చారు. అక్కడ క్లుప్తమైన వివరణ తరువాత కనిపించే చిన్న చిన్న అర్థాలు ఆ ఇంగ్లీషు అనువాదంలో ఆ పదం ఎన్ని విధాలుగా వచ్చిందో చూపే పట్టికలు. నాలుగు అర్థాలు ఉంటే వాటిలో మనకు నచ్చినదానిని ఏ వచనంలోనైనా పెట్టవచ్చునని కాదు. ఉచిత యాప్‌లలోని వ్యాఖ్యానాల విషయంలోనూ ఇది గుర్తుంచుకోవాలి. వాటిలో చాలావరకు ఉచితం కావడానికి కారణం కాపీరైటు గడువు తీరిపోవడమే. అందరూ దించుకునే మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానకర్త 1714లో చనిపోయారు, అపొస్తలుల కార్యముల వరకే ఆయన వ్రాశారు, రోమా పత్రిక నుండి ఇతరులు పూర్తిచేశారు. భక్తికి అది నేటికీ మంచి చదువు. ఆ తరువాత దొరికిన వ్రాతప్రతుల సంగతి మాత్రం దానిలో ఉండదు.

అయినా సంఖ్యలు నిరుపయోగమని నా ఉద్దేశం కాదు, అవి నిజంగా మేలు చేసే చోటు వేరే ఉంది. యోహాను 14:27 పాత అనువాదంలో చూడండి, 'శాంతి' అని ఉంటుంది. 16:33లో 'సమాధానము' అని ఉంటుంది. సంఖ్య రెండుచోట్లా ఒక్కటే, 1515. ఒకే సాయంకాలం, ఒకే సంభాషణలో ప్రభువు పలికిన ఒకే మాట మనకు రెండు మాటలుగా అందింది. తెలుగులో 'శాంతి' అని వెతికిన వారికి ఫిలిప్పీయులకు 4:7 తగలదు, అక్కడ 'దేవుని సమాధానము' అని ఉంటుంది. ఇటువంటి చోట సంఖ్య పట్టుకుని వెతికితే ఏ సంధీ అడ్డురాదు, ఏ అనువాదభేదమూ అడ్డురాదు. అండ్‌బైబిల్‌లో నిఘంటువు పుట నుండే ఆ సంఖ్య ఉన్న వచనాలన్నీ వెతికే సదుపాయం ఉంది. దొరికిన పట్టికను ఇంగ్లీషులో చూసి, వచనాలను తెలుగు కిటికీలో చదవండి. టీచరమ్మ గారు చెప్పిన నడిమి ముక్క కిటుకుకు ఇది జోడీగా పనిచేస్తుంది.

ఫాతిమానగర్ వాసి

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. మాది కాజీపేట కతోలిక విచారణ (పారిష్). మావాళ్లు చదివితే గందరగోళపడకుండా ఒక సంగతి చేర్చుతాను. ఇక్కడ చెప్పిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌లో 66 గ్రంథాలే ఉంటాయి. మా పవిత్ర గ్రంథంలోని 73 గ్రంథాలు కావలసినవారు తోబీతు, మక్కబీయులు మొదలైనవి ఉన్న మాడ్యూల్‌ను వేరుగా దించుకోవాలి. రెండు కిటికీలలో వేర్వేరు సంప్రదాయాల పాఠాలు పెట్టినప్పుడు సంఖ్యలు కూడా జరుగుతాయి. గ్రీకు, లాటిను లెక్కలో 'యెహోవా నా కాపరి' 22వ కీర్తన. హెబ్రీ పాఠంలో 51వ కీర్తన శీర్షికే రెండు వచనాలు కావడం వలన, తెలుగులోని మొదటి వచనం అక్కడ మూడవది. మలాకీ హెబ్రీలో మూడు అధ్యాయాలతోనే ముగుస్తుంది. కొన్ని యాప్‌లు దీనిని వాటంతట అవే సర్దుతాయి. అయినా సంఖ్య తాకే ముందు రెండు కిటికీలలోనూ ఉన్నది ఒకే వచనమా కాదా అని ఒకసారి చూడండి.

రామప్ప దారి

డోర్నకల్ తమ్ముడికి, ఫాతిమానగర్ వారికి వందనములు. 3:35, 5:20 రెండూ తెరిచి చూశాను. నేను కాగితం మీద వ్రాసుకున్న ప్రసంగం కొట్టివేశాను. బస్సులో వచ్చిన ఆనందం కొంచెం తగ్గిన మాట నిజమే గానీ, తప్పు చెప్పిన తరువాత దిద్దుకోవడం కంటే ఇదే మేలు. బుధవారం పాఠానికి 'శాంతి', 'సమాధానము' తీసుకుంటున్నాను. 1515 సంఖ్యతో వచ్చిన పట్టిక చాలా పొడవుగా ఉంది, అందులో యోహాను సువార్త వరకే చూస్తాను. నోట్సు మాత్రం ఈసారి పెద్దన్న గారు చెప్పినట్లు టెక్స్ట్ ఫైలులో వ్రాసి, మా ఇంటావిడ ఫోన్‌కు కూడా పంపాను.

సుబేదారి టీచరమ్మ

బ్రదర్ గారూ, ప్రకటనల యాప్ ఉంచుకోనక్కరలేదు. పాత అనువాదం మైస్వోర్డ్ మాడ్యూల్‌గా మీకు ఎవరి దగ్గరైనా దొరికితే అందులో కూడా 'కాశము' పరీక్ష ఒకసారి చేసి, ఏమి వచ్చిందో ఇక్కడ వ్రాయండి. మా స్త్రీల తరగతిలో అయిదారుగురికి అదే కావాలి.